అడగని ప్రశ్న

నా చిన్నప్పుడు, డెబ్భైల చివర్లో, మేం అమెరికాలో ఇల్లినాయ్‌లో ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. ఊరి కోర్టు ముందు ఒక లాయరు విగ్రహం ఉండేది. వందేళ్లకు పైగా వెనకటి మనిషి. పారిపోయి వచ్చిన బానిసల తరఫున ఫీజు తీసుకోకుండా వాదించాడనీ, తర్వాత రాష్ట్ర శాసనసభకు వెళ్లాడనీ దాని కింద చెక్కి ఉండేది. ఐదో తరగతిలో ఆయన జీవితం గురించి చెప్పే పని టీచర్ నాకిచ్చింది. రోజూ లైబ్రరీకి వెళ్లి చదివాను. తీరా చెప్పాల్సిన వారం వచ్చేసరికి, ఆ లాయరు వంశంలో పుట్టిన మా క్లాసు కుర్రాడు లేచి, "మా ముత్తాత పేరు పలకడమే రాదు తనకి" అని నా యాస ఎత్తి చూపించాడు. క్లాసంతా నవ్వింది. టీచర్ ఆ పని అతనికి ఇచ్చేసింది.

నేను ఏడవలేదు. అతణ్ణి అందరి ముందూ కడిగెయ్యాలని మాత్రం గట్టిగా అనుకున్నాను. అందుకు కావలసింది నా దగ్గరుంది. నల్లజాతివాళ్లు ఆ రాష్ట్రంలో వచ్చి స్థిరపడకూడదన్న చట్టానికి అదే లాయరు ఓటేశాడు. విగ్రహం కింద ఆ ముక్క లేదు.

అప్పుడు మా తాతయ్య మా ఇంటికి వచ్చి ఉన్నాడు. కాకినాడలో చాలాకాలం ప్లీడరుగా చేసిన మనిషి. కోపం తగ్గించుకోమంటాడనుకున్నాను. మరమరాలు నములుతూ అంతా విని, నేను అరిచి చెబితే జనం నా కోపాన్నే చూస్తారనీ, అతని నోటితోనే చెప్పిస్తే అతన్ని చూస్తారనీ అన్నాడు. అవునని తప్ప మరో జవాబు చెప్పలేని ప్రశ్నలే అడగమన్నాడు.

"చివరి ప్రశ్న మాత్రం అడక్కు అమ్మడూ. కూర్చో. అది వాడి మెడమీదే ఉండనీ."

చెప్పాల్సిన రోజున కుర్రాడు బాగానే చెప్పాడు. ముత్తాత ఒక్క శాసనసభ సమావేశం కూడా మానలేదని గొప్పగా ముగించాడు. ప్రశ్నలు అడగొచ్చని టీచర్ అనగానే లేచాను. అన్ని సమావేశాలకీ వెళ్లాడు కదా అన్నాను. అవునన్నాడు. నల్లజాతివాళ్లను రానివ్వని చట్టం ఆయన సభలో ఉండగానే వచ్చింది కదా అన్నాను. ముందు వరసలో ఉన్న నల్లజాతి అమ్మాయి, అతని స్నేహితురాలే, తలెత్తి అతని వైపు చూసింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. అవునన్నాడు.

ఇంకేమైనా అడగాలా అంది టీచర్.

"ప్రస్తుతానికి ఏం లేదు," అని, ఓటు సంగతి ఎత్తకుండా కూర్చున్నాను.

ఆ ఏడాదంతా నేను దేనికి చెయ్యెత్తినా అతను బల్ల అంచు పట్టుకునేవాడు. నా యాస మాట మళ్లీ ఎత్తలేదు.

తర్వాత ఉద్యోగంలోనూ నన్ను తొక్కాలని చూసినవాళ్లున్నారు. ఎవరిమీదా అరవలేదు. వాళ్ల గురించి తెలిసినదంతా వరసగా డైరీలో రాసుకుని, వాళ్లను సగం మాత్రం అడిగి ఊరుకున్నాను. రిటైరయ్యాక కూడా ఏ పెళ్లిలోనో నేను ఎదురైతే వాళ్లలో కొందరు మాట మధ్యలో ఆపేస్తారు. నేను తీరిగ్గా దగ్గరికి వెళ్లి, బాగున్నారా అని మాత్రం అడుగుతాను.