పల్లంలో ఆపిన ఇంజను

మా ఆయన మరబోటు నడిపే సరంగుగా ఉన్న రోజుల్లో అబ్బిన అలవాటు ఒకటుంది. తిరిగొచ్చేటప్పుడు గాలి ఒడ్డు వైపు తోస్తుంటే ఇంజను ఆపేసి, బోటును గాలికీ నీటి వాలుకూ వదిలేసేవాడు. హార్బరు దగ్గర పడేదాకా అలా తేలుతూ వచ్చి, అప్పుడు మళ్ళీ ఇంజను వేసేవాడు. మిగిలిన డీజిలు మిగిలినట్టే. జాలరిపేటలో ఎవరూ దాన్ని తప్పు పట్టరు. పైగా తక్కువ డీజిలుతో బోటును ఇంటికి తెచ్చేవాడే మంచి సరంగు అంటారు. ఆ పేరు మా ఆయనకి పేటంతా ఉండేది. ఆయన నాకు మేనత్త కొడుకు, చిన్నప్పటి నుంచీ బావ అనే పిలిచేదాన్ని కాబట్టి, ఆ పేరు విని అందరికంటే ముందు మురిసిపోయింది కూడా నేనే.

తొంభైల చివరికి వేట పలచబడిపోయింది. బోటు కదిలితే చాలు, డీజిలుకీ ఐసుకీ పోగా పంచుకోవడానికి చేపల వాసన తప్ప ఏమీ మిగిలేది కాదు. మా ఆయన బోటులో తన వాటా అమ్మేసి, గాజువాకలో ఒక షెడ్డు వెనకాల ఎండకి ఎండి వానకి తడుస్తున్న పాత డీజిలు వ్యాను కొన్నాడు. నేను వద్దన్నాను. మా ఆయనకి చెవులైతే ఉన్నాయి గానీ అవి నా మాటలకి పనిచేయవు.

ఆయన ఆలోచన చెడ్డదేమీ కాదు. స్టీలు ప్లాంటులోనూ పోర్టులోనూ పనిచేసే గోదావరి, కృష్ణా జిల్లాల కుటుంబాలు సెలవు దొరికితే అరకు, పూరీ, అరసవల్లి అని బయలుదేరేవారు. ఇంట్లో పెద్దవాళ్ళు హోటలు తిండి ముట్టరు. లాడ్జి అంటే ఖర్చు. అందుకని వండుకోవడం, పడుకోవడం అన్నీ బండిలోనే జరిగిపోయేలా ఆయన వ్యానుని తయారు చేశాడు. అచ్చం బోటు లాగానే. పడుకోవడానికి చెక్క బల్లలు, వాటి కింద బియ్యం, పప్పులు పెట్టుకునే పెట్టె, పైన నీళ్ళ డ్రమ్ము, వెనక మూల స్టవ్వు, దాని పక్కన వల తాడుతో కట్టిన గ్యాసు బండ. మా చేతి వంట తినని వాళ్ళు తామే వండుకునేవారు. స్టవ్వు మాది, గిన్నెలు వాళ్ళవి.

మొదటి ట్రిప్పు అరకు. నేను వెళ్ళలేదు. తిరిగొచ్చి అన్నం ముందు కూర్చుని ఆయన ఎంతో సంబరంగా చెప్పాడు, అనంతగిరి నుంచి కిందికి దిగినంత సేపూ ఇంజను ఆపేశాడట.

"గాలి తోస్తన్నప్పుడు ఇంజనెందుకే? దిగుడూ అంతే. సుక్క డీజిలు తాగనేదు," అన్నాడు.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. మా అన్నయ్య లారీ డ్రైవరు. మర్నాడే వాడి దగ్గరికి పోయి అడిగాను. ఇంజను ఆగితే బ్రేకు పెడలు రాయిలా గట్టిపడి కిందికి దిగదని, గేరు పట్టు లేకపోతే బరువంతా ఆ బ్రేకు మీదే పడుతుందని, అది వేడెక్కిందంటే తొక్కినా తొక్కనట్టే ఉంటుందని చెప్పాడు. చాలామంది అలాగే దిగుతారనీ, అందరికీ ఏమీ కాదనీ కూడా అన్నాడు. ఆ రెండో మాట నా చెవికి ఎక్కలేదు. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర పాడైంది. కళ్ళు మూస్తే చాలు, వ్యాను ఒక్కటే లోయ అంచున చప్పుడు లేకుండా పోతున్నట్టు కనపడేది.

మా ఆయనకి చెప్పి చూశాను, ఏడ్చి చూశాను, అన్నం మానేసి కూడా చూశాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. అప్పుడు నాకు తోచిన దారి ఒక్కటే. ఆ బండిలో నేనూ ఎక్కుతాను. వెనక నేనున్నానని తెలిస్తే ఇంజను ఆపడానికి ఆయనకి చెయ్యి రాదు. నీళ్ళు తోడటానికీ, గిన్నెలు కడగటానికీ మనిషి కావాలి కదా అని పైకి చెప్పాను. మా అత్త ఒప్పుకోలేదు. మాలో ఆడది బోటు ఎక్కకూడదు. ఇది బోటు కాదత్తా అంటే, వాడు దాన్ని బోటు లాగే చూసుకుంటున్నాడు కదే అంది. చివరికి మా పిల్లని ఆవిడ దగ్గర వదిలి ఎక్కాను.

నేను అనుకున్నట్టే అయింది. మొదట్లో అయింది. అరకు నుంచి దిగేటప్పుడు బండి రెండో గేరులో మూలుగుతూ దిగేది. వెనక బల్ల మీద కూర్చున్న నాకు ఆ మూలుగు వింటేనే ప్రాణం కుదుటపడేది. మలుపుల దగ్గర ఆయన అద్దంలోంచి నన్నొకసారి చూసేవాడు. నేను కళ్ళు పెద్దవి చేసి చూసేదాన్ని. మా మధ్య అదొక ఒప్పందం. నా భయమే ఆ బండికి రెండో బ్రేకు అనుకుని గర్వపడిన రోజులు కూడా ఉన్నాయి.

బండి బతుకు బయటికి కనిపించినంత సరదా కాదు. ఆడవాళ్ళం తెల్లారక ముందే లేచి చాటు వెతుక్కోవాలి. బంకుల్లో దొడ్డికి తాళం వేసి ఉండేది, తాళంచెవి ఎప్పుడూ ఇంకెవరి దగ్గరో ఉండేది. రోడ్డు పక్కన స్టవ్వు వెలిగిస్తే గాలికి ఆరిపోయేది. తలుపులు వేసి వెలిగిద్దామంటే గ్యాసు బండ గుర్తొచ్చి మళ్ళీ తెరిచేసేదాన్ని. అద్దాలు తీస్తే దోమలు, మూస్తే ఉక్క. పూరీ దారిలో ఎవరో చీకట్లో బండి చుట్టూ తిరుగుతున్న అలికిడయితే, లోపలున్న తొమ్మిది మందిమీ ఊపిరి బిగబట్టి పడుకున్నాం. తెల్లారి చూస్తే అది ఆవు. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

దీనికి తోడు ధరలు. మా ఆయన బేరం కూడా బోటు పద్ధతిలోనే. డీజిలు కలుపుకుని మొత్తానికి ఇంత అని ముందే మాట్లాడేసుకునేవాడు. మాట అయిన రోజుకీ బయలుదేరే రోజుకీ మధ్య బంకులో రేటు మారిపోయేది. మాట మార్చడానికి మాత్రం ఆయనకి నామోషీ. నిన్నటిదాకా చెట్టు కింద ఊరికే ఆపుకున్న చోట ఇవాళ తాడు కట్టి పార్కింగు చీటీ ఇచ్చేవారు. డ్రమ్ము నింపుకోవడానికి బోరు దగ్గరికి వెళ్తే దానికీ రేటు చెప్పేవారు. పర్మిట్లు, టాక్సులు, చెక్‌పోస్టులో చేతులు తడపడం. టైర్లు అరిగితే కొత్తవి కొనలేక, పాతవాటికే పైపొర వేయించేవాడు. బండిలోకి గ్యాసు దొరక్క మా ఇంటి బండ తీసుకుపోతే, ఇంటి దగ్గర మా అత్త కిరసనాయిలు స్టవ్వు మీద కళ్ళు మండించుకునేది.

మెల్లమెల్లగా మా ఆయన నవ్వడం తగ్గించాడు. ఎవరితో మాట్లాడుతున్నా కన్ను డీజిలు మీటరు ముల్లు మీదే ఉండేది. బండి ఆగి ఉన్నప్పుడు కూడా దాన్నే చూసేవాడు. అద్దంలోంచి నన్ను చూడటం తగ్గింది. అది నేను గమనించాను. గమనించి, అలిసిపోయి ఉంటాడులే అనుకున్నాను.

ఆ రోజు బండిలో ఉన్నది స్టీలు ప్లాంటులో పనిచేసే ఒక గోదావరి ఆయన కుటుంబం. ఆయన, భార్య, తల్లి, ఇద్దరు చెల్లెళ్ళు. తల్లికి డెబ్బై దాటి ఉంటాయి. ముందు కూర్చుంటే ఎండ అని వెనక నా పక్కన కూర్చుంది. అరకులో భోజనాలయ్యాక బయలుదేరాం. వాళ్ళు చూడాలన్న గుహల దాకా లోపలికి పోయి రావడంతో అనుకున్న దానికన్నా దూరం ఎక్కువ తిరిగాం. అనంతగిరి దాటాం. కాఫీ తోటల నీడ రోడ్డు మీద పడుతోంది. పెద్దావిడ తన ఊరి కొబ్బరితోటల గురించి చెబుతోంది, నేను ఊ కొడుతున్నాను.

ఉన్నట్టుండి ఆవిడ మాట నాకు మరీ స్పష్టంగా వినపడింది. అంతవరకూ గొంతు పెంచి మాట్లాడుతున్న మనిషి ఎందుకంత గట్టిగా వినిపిస్తోందో అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఇంజను చప్పుడు లేదు.

"ఎంత హాయిగా ఉందే అమ్మాయ్. ఆ గోల లేకపోతే ప్రాణానికి సుఖంగా ఉంది," అంది పెద్దావిడ.

టైర్ల కింద రాళ్ళు నలగడం, బయట గాలి, ఎక్కడో ఒక పిట్ట, అంతే. ఆవిడ భయపడుతుందని గొంతు తగ్గించి అన్నాను.

"బావా, ఇంజనెయ్యి."

ఆయన అద్దంలోకి చూడలేదు. ఈ ఒక్క మలుపు దాటాక వేస్తానన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ మలుపు వచ్చింది, బండి రోడ్డంతా తీసుకుని తిరిగింది. తరవాతి మలుపులో అంచుకి ఇంకా దగ్గరగా పోయింది. బల్ల మీద నుంచి చెంబు దొర్లి కింద పడింది. అప్పుడు వాసన వచ్చింది. రబ్బరు కాలిన వాసన, దాంతో పాటు ఇనుము కాలిన వాసన. మా ఆయన భుజాలు ముందుకి వంగాయి, బ్రేకు తొక్కీ తొక్కీ ఒళ్ళంతా ఊగుతోంది. తాళం తిప్పాడు. ఇంజను ఒకసారి దగ్గి ఊరుకుంది. గేరు వేయబోయాడు, పళ్ళు కొరికిన చప్పుడొచ్చింది గానీ గేరు పడలేదు.

మాకు ఎడమ పక్క కొండ, కుడి పక్క ఏమీ లేదు. చెట్ల తలలు మాత్రం కనపడుతున్నాయి. గ్యాసు బండకి కట్టిన తాడు వదులైపోయింది. అది దొర్లితే ఏమవుతుందో అని రెండు చేతులా కావలించుకుని నేల మీద కూలబడ్డాను. దేవుణ్ణి తలుచుకోలేదు. రేపు పొద్దున్న బడికి వెళ్ళేముందు మా పిల్లకి జడ ఎవరు వేస్తారు, అత్తకి చేతులు వణుకుతాయి కదా, పాపిడి వంకర వస్తుంది కదా అనుకున్నాను. ఆ పాపిడి తలుచుకుని ఏడ్చాను. భయమంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. అంతకు ముందు నాకున్నదంతా బెంగే.

రోడ్డు వేయడానికి కొండవారగా పోసిన కంకర కుప్ప మమ్మల్ని కాపాడింది. మా ఆయన బండిని దాని మీదికి ఎక్కించేశాడు. ముందు చక్రాలు కంకరలో కూరుకుపోయాయి. బండి కొండ వైపు ఒరిగి ఆగింది. పెద్దావిడ నుదురు బల్లకి కొట్టుకుని బొప్పి కట్టింది. గ్యాసు బండకీ చెక్కకీ మధ్య నలిగి నా మణికట్టు విరిగింది. ఇప్పటికీ బరువెత్తితే లాగుతుంది. మిగతావాళ్ళకి చెప్పుకోదగ్గ దెబ్బలేమీ తగల్లేదు. అందరం దిగి రోడ్డు పక్కన కూర్చున్నాం.

వెనక వచ్చిన బస్సు మమ్మల్ని కొండ కింద ఎస్.కోటలో దించింది. ఆసుపత్రిలో తల్లికి కట్టు కట్టించాక స్టీలు ప్లాంటు ఆయన మా దగ్గరికి వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా తప్పులేదు అనుకున్నాను. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి.

"డీజిలుకి చాలట్లేదని ఒక్క మాట అంటే ఇచ్చేవాడిని కదండీ," అన్నాడు. అని తల్లిని పట్టుకుని వెళ్ళిపోయాడు.

మా ఆయన తల ఎత్తలేదు. నా చేతికి పిండికట్టు వేశారు. వరండాలో బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. తిట్టాలని చాలా మాటలు కూడగట్టుకున్నాను గానీ, నాకు కావలసింది ఒకే జవాబు.

"నాను ఎనకాలున్నానని తెల్దా బావా?"

అబద్ధం చెబుతాడేమో, చెప్పినా బాగుండును అనుకున్నాను.

"తెల్సు," అన్నాడు. "ఎక్కించుకున్నది నానే కదా. ఆ ముల్లు సూత్తంటే గురుతు రానేదు."

ఘాట్ రోడ్డు మీద కంటే ఆ బెంచీ మీద నాకు ఎక్కువ భయమేసింది. ఆయన చెడ్డవాడైతే, నా మీద ప్రేమ లేనివాడైతే కోపం తెచ్చుకుని బతికేదాన్ని. ఆయన అలాంటివాడు కాదు. ప్రేమ ఉండి కూడా ఆ కాసేపు ఆయనకి నేను లేకుండా పోయాను. డీజిలు రేటు అంత పని చేయగలదని నేను ఊహించలేదు.

బండిని వచ్చిన ధరకి అమ్మేశాం. మా ఆయన వేరేవాళ్ళ బోటు మీద మళ్ళీ వేటకి పోయాడు. ఆ తరవాతి సంవత్సరాల్లో డీజిలు ఇంకా పెరిగిందే గానీ తగ్గింది లేదు. జాలరిపేటలో బోటు రావడం ఆలస్యమైతే ఆడవాళ్ళం ఒడ్డుకి పోయి కూర్చుంటాం. ఎదురుచూసే మనిషి ఉందని తెలిస్తే మగవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడని మా వాళ్ళ నమ్మకం. నేనూ పోయి కూర్చునేదాన్ని. ఒకసారి బాగా ఆలస్యమైంది, గాలి కూడా ఎక్కువగా ఉంది. పిల్ల ఏడుస్తుంటే మా అత్త దాన్ని ఒళ్ళోకి తీసుకుంది.

"ఒచ్చీస్తాడే. మనం ఈడ సూస్తన్నామని మీ నాన్నకి తెల్దేటి?" అంది.

పిల్ల ఊరుకుంది. నిజమేనా అన్నట్టు నా మొహంలోకి చూసింది. నేను నీళ్ళ వైపు తిరిగి కూర్చున్నాను.