భావనారుషి గుమ్మానికి కట్టిన పన్నెండు మాటలు

మార్కండేయులు గారి గురించి విజయవాడలో ఒక పెద్దమనిషి అన్న మాట నా చెవిన పడింది. "తాళంచెవి తీసుకెళ్లి గుడి గుమ్మానికి వేలాడదీశాడటండీ. మగ్గం నేసుకునేవాడికి క్రిప్టో వాలెట్లెందుకు?" అన్నాడట. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించటం లేదు. ఆ పూట నాలుగు పెసరట్లు తినగలిగాను గానీ, అది కోపంతో తిన్నది. అసలు జరిగిందేమిటో ఎవరో ఒకరు రాయాలి. రాయగలిగినవాడు ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే కాబట్టి నేనే రాస్తున్నాను.

పామర్రు బస్టాండు ఎదురుగా సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నాది. ఇంజనీరింగు రెండో ఏడు మధ్యలో కాలేజీ నన్ను వదిలేసిందని కొందరంటారు. నేనే కాలేజీని వదిలేశాను. గన్నవరం నుంచి బందరు దాకా నీళ్లలో పడ్డ ఫోనుకు ప్రాణం పోయగల చెయ్యి ఇదొక్కటే. రొయ్యల చెరువులో మూడు రోజులు మునిగిన ఫోను నా బల్లమీద కళ్లు తెరిచి, ఇంకా చార్జింగు పెట్టకముందే రింగయ్యింది. నమ్మనివాళ్లు నమ్మకండి.

మార్కండేయులు గారిది మా ఊళ్లో పద్మశాలీల వీధి. అరవై నాలుగేళ్ల మనిషి. పొద్దున గుంట మగ్గంలో కూర్చుని నేస్తారు, మధ్యాహ్నం అరుగుమీద గ్రాఫు కాగితం పరుచుకుని చీర అంచులకు బొమ్మలు గీస్తారు. ఒక్కో గడి ఒక్కో పోగు. ఆయన గీసినవాటిలో గూడబాతుల అంచని ఒకటుంది. సంచిలాంటి ముక్కులు వేసుకుని పక్షులు వరసగా నడుస్తుంటాయి. ఆ అంచుతో మొదటి చీర నేసి దండెం మీద ఆరేస్తే, కొల్లేరు నుంచి నిజం గూడబాతులు ఎగిరొచ్చి ఆ దండెం మీదే వరసలో కూర్చున్నాయి. నేను చూశాను. నేను చూడకపోతే మా నాయన చూశాడు.

ఆయనకో అలవాటుంది. ఏది నేసినా అందులో ఒక్కచోట కావాలని తప్పు పెడతారు. నిండుగా కుదిరిన పనికి దిష్టి తగులుతుందని వాళ్ల తాతలనాటి పట్టింపు. గూడబాతులన్నీ ముందుకు చూస్తుంటే ఒక్కటి మాత్రం వెనక్కి చూస్తుంది. దాన్ని ఆయన దిష్టిపక్షి అంటారు.

ఇంత పని చేసిన మనిషికి దక్కిందేమిటి? విజయవాడలో ఒక పెద్ద బట్టల షోరూముకి ఉదయభాస్కర్ అని డిజైన్ సలహాదారు ఉన్నాడు. మా వీధికొచ్చి, టీ తాగి, "అద్భుతమండీ" అని ఫొటోలు తీసుకెళ్లాడు. ఆరు నెలలకు అవే గూడబాతులు మరమగ్గం చీరల మీదకెక్కాయి. లోపల కుట్టిన చీటీ మీద 'డిజైన్: ఉదయభాస్కర్' అని ఉంది. ఆ చీరను మార్కండేయులు గారి భార్య బాలత్రిపురసుందరి గారే, మేం సుందరమ్మ గారంటాం, పెళ్లిలో ఎవరో కట్టుకుంటే చూసి వచ్చారు. ఆయన విని మళ్లీ మగ్గంలోకి దిగారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది, ఇప్పటికీ చల్లారలేదు.

ఈలోగా విజయవాడలో చేనేత ప్రదర్శన పెడుతున్నామని కబురొచ్చింది. ఏ డిజైన్‌కు ఎవరి దగ్గర డిజిటల్ రుజువుంటే ఆ పేరే పలకమీద రాస్తామన్నారు. నేను పరుగున వెళ్లి మార్కండేయులు గారి ముందు కూర్చున్నాను.

"బాబాయ్, ఎన్‌ఎఫ్‌టీ చేద్దాం. నీ బొమ్మ ఎవడైనా కాపీ కొట్టొచ్చు. కానీ ఫలానా తారీఖున ఇది మొదట నువ్వు నమోదు చేశావని, ఇప్పుడు నీ దగ్గరే ఉందని, వేల కంప్యూటర్లు ఒకేసారి రాసుకుంటాయి. ఎవడూ చెరపలేడు."

"దాని తాళం ఎవరి దగ్గరుంటుందిరా అబ్బాయ్?"

"నీ ఫోన్లోనే. వాలెట్టని యాప్ ఉంటుంది. ఫోను పోయినా భయం లేదు. అది మొదట్లో పన్నెండు ఇంగ్లీషు మాటలిస్తుంది. అవి వరస తప్పకుండా కొడితే ఏ ఫోన్లోనైనా తెరుచుకుంటుంది. అవి పరాయివాడి చేతికెళితే మాత్రం సొత్తంతా వాడిది. కలెక్టరు కూడా వెనక్కి తేలేడు."

నలభై ఒక్క డిజైన్లు ఎక్కించాం. పన్నెండు మాటలొచ్చాయి. ఫొటో తియ్యొద్దు, ఎవరికీ పంపొద్దు, కాగితం మీద రాసి దాచుకోండి అని యాప్ చెప్పింది. ఆయన నవ్వారు.

"కాగితమా? మా ఇంట్లో కాగితం రెండు వానలకు నిలవదు. నూలు నిలుస్తుంది."

ఒక్కో మాటలో మొదటి నాలుగక్షరాలు తెలిస్తే చాలు, మిగతాది యాపే పట్టేస్తుంది. ఈ సంగతి జిల్లాలో తెలిసినవాడు నేనొక్కణ్ణే, నేనే చెప్పాను. ఆయన లెక్క కట్టారు. ఏ అయితే ఒక చుక్క, బీ అయితే రెండు, జెడ్‌కు ఇరవయ్యారు. మాటకో వరస చొప్పున పన్నెండు వరసల చుక్కలు. అప్పుడే మగ్గం మీద కొత్త పడుగు ఎక్కించి ఉంది. రెండు రోజుల్లో మూరెడు గుడ్డ మీద నేసేశారు. చూస్తే ఏదో కొత్తరకం బుటా అనుకుంటారు.

ఇక్కడే జరిగింది పొరపాటు. పద్మశాలీ ఇంట్లో తప్ప ఇంకెక్కడా జరగని పొరపాటు. కొత్త పడుగు మీద నేసిన మొదటి మూర ఇంట్లో ఉంచుకోరు, కులదైవం భావనారుషికి ఇస్తారు. మా వీధి చివర ఆయన గుడి ఉంది. మార్కండేయులు గారు గుంటలోంచి లేచి స్నానానికి వెళ్లారు. సుందరమ్మ గారు ఎప్పటిలాగే మొదటి మూర కత్తిరించి, పసుపు పెట్టి, గుడికి పట్టుకెళ్లి ఇచ్చేశారు. పూజారి దాన్ని గుమ్మానికి కట్టాడు.

నేను వెళ్లేసరికి ఆయన భోజనం చేస్తున్నారు.

"బాబాయ్, నీ తాళం గుమ్మానికి వేలాడుతోంది."

"చూశాను."

"విప్పుకొస్తా."

"దేవుడికిచ్చింది వెనక్కి తీసుకుంటారా ఎవరన్నా? కూర్చో, పప్పు తిను."

"ఇచ్చింది నేనే నాయనా," అన్నారు సుందరమ్మ గారు. "ఆయన నాతో ఒక్కముక్క చెప్పి చస్తేగా."

"అయితే ఇప్పుడే కొత్త వాలెట్ పెట్టి అన్నీ అందులోకి మార్చేద్దాం," అన్నాను.

"తొందరేముంది? నా నేత సంగతి నాకు తెలుసు."

ఆ నిబ్బరం చూసి నాకు పిచ్చెక్కింది. మా వీధిలో నూటపది మగ్గాలున్నాయి. చుక్క చూస్తే లెక్క చదవగలిగినవాళ్లే అందరూ. మూడోరోజుకే ఎవరో అడిగారు: "ఏం మార్కండేయా, ఆ మూరలో బొమ్మ కాదు, ఏదో రాత ఉన్నట్టుందే?" ఆయన "ఉంది" అన్నారు. అడిగినాయన తలూపి వెళ్లిపోయాడు. అలా రెండు నెలలు గడిచాయి, గుడ్డ గుమ్మానికే ఉంది. ప్రతి మగ్గం వాళ్లూ దానికింద నుంచే దణ్ణం పెట్టుకుంటూ వెళ్లారు. ఒక్కరు చెయ్యి పెట్టలేదు. ఈ సంగతి ఆ విజయవాడ పెద్దమనిషికి ఎవరైనా చెప్పండి.

అయితే నిజం దాచకూడదు. సంగతి బయటికి పొక్కింది నా నోటినుంచే. విజయవాడ నుంచి వస్తూ బస్సులో పక్కనున్నవాడితో, జిల్లాలో మొదటి చేనేత వాలెట్ పెట్టింది నేనేనని, తాళం చుక్కల్లో నేయించిన ఉపాయం కూడా నాదేనని చెప్పాను. ఉపాయం నాది కాదు గానీ, ఉయ్యూరు దాటేసరికి నాదైపోయింది. ముందు సీట్లో చెవులున్నాయని నేను చూసుకోలేదు. వారం తిరక్కుండా ఉదయభాస్కర్ కారు వచ్చింది. వారసత్వ సంపద సర్వే అని గుడి గుమ్మాన్ని నాలుగు వైపులనుంచి ఫొటో తీసుకున్నాడు.

ఆ తర్వాత ఐదోరోజు అతను సరాసరి నా కొట్టుకొచ్చాడు. ముఖం కందిపోయి ఉంది.

"ఏమండీ, ఆ వాలెట్ పెట్టింది మీరేగా?"

"నేనే. ఈ జిల్లాలో ఇంకెవరికీ..."

"ఆ పన్నెండు మాటలు తప్పండీ. మూడు ఫోన్లలో కొట్టాను. చెల్లదంటోంది."

దొంగ వచ్చి, మీ తాళంచెవి సరిగ్గా తిరగటం లేదని ఇంటివాళ్లమీద ఫిర్యాదు చేయటం నేనెక్కడా వినలేదు.

"మీరెందుకు కొట్టారండీ?"

"చెక్ చేద్దామని. పెద్దాయన పొరపాటున పోగొట్టుకుంటే ఎంత నష్టం చెప్పండి. మీలాంటి టెక్నికల్ వాళ్లు కాస్త బాధ్యతగా ఉండొద్దూ?"

"పక్కింటివాళ్లు ఊరెళితే వాళ్ల బీరువా కూడా ఇలాగే చెక్ చేస్తారా?"

"మాటలు తిన్నగా రానివ్వండి."

"తిన్నగానే వస్తున్నాయి. పదండి, ఆయన్నే అడుగుదురుగాని."

వస్తాడనుకోలేదు. వచ్చాడు. ఆ మనిషికి సిగ్గు పోగంత కూడా లేదు. మార్కండేయులు గారు మగ్గంలోనే ఉన్నారు. పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడె ఆపలేదు. ఇతను గుంట అంచున నిలబడి పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు: రికార్డు సరిగ్గా ఉండాలి, ముందుతరాలకు అందాలి, తప్పులుండకూడదు.

"తప్పుందండీ, నిజమే," అన్నారాయన. "నేను నేసిన ప్రతిదాంట్లో ఒకటుంటుంది. పక్షులైతే ఒకటి వెనక్కి తిరుగుతుంది. మాటలైతే రెండు వరసలు ఒకదాని చోట ఇంకొకటి ఉంటాయి. ఏ రెండో నాకు తెలుసు."

ఆరోజు "నా నేత సంగతి నాకు తెలుసు" అన్నదేమిటో నాకప్పుడు అర్థమైంది.

ఉదయభాస్కర్ ఫోను తీశాడు. "ఏ రెండండీ అవి?"

నాడె ఆగింది.

"మీరు డిజైనరు కదా. గూడబాతుల అంచు మీ పేరుతోనే వస్తోందిట. అందులో వెనక్కి చూసే పక్షి ఎన్నోదో చెప్పండి, ఇది నేను చెబుతాను."

"వెనక్కి చూసే పక్షేమిటి? నా డిజైన్లో అలాంటిదేమీ లేదే."

సుందరమ్మ గారు లోపలికి వెళ్లి, ఆ షోరూము చీరే ఒకటి తెచ్చారు. ఎప్పుడు కొన్నారో మాకెవరికీ తెలియదు. అంచు అతని ముందు పరిచి, వేలు పెట్టి లెక్కబెట్టారు. పంతొమ్మిదో పక్షి దగ్గర ఆపారు. అది వెనక్కి చూస్తోంది.

"మా దిష్టి కూడా పట్టుకెళ్లారు నాయనా మీరు," అన్నారావిడ.

"అదేదో నేతలో పొరపాటండీ," అన్నాడతను. చుట్టూ చేరిన వీధివాళ్లలో ఒక్కరు కూడా నవ్వలేదు. నవ్వితే బాగుండేది. అతను కారెక్కి వెళ్లేదాకా వాళ్లు అలా చూస్తూనే ఉన్నారు.

"ఇప్పుడు మార్చుదాం పద," అన్నారాయన. ఆ మధ్యాహ్నమే కొత్త వాలెట్ పెట్టి, నలభై ఒక్క డిజైన్లూ అందులోకి పంపాం. పాతది ఖాళీ. ఆ మూర ఇప్పటికీ గుమ్మానికే ఉంది, ఎవరైనా వెళ్లి తీరిగ్గా లెక్కబెట్టుకోవచ్చు. ప్రదర్శనలో గూడబాతుల కింద పలకమీద 'మార్కండేయులు' అని రాశారు. పంతొమ్మిదో పక్షి కథ నేనే నిర్వాహకులకు చెప్పాను, చీర కూడా చూపించాను. ఉదయభాస్కర్ ప్రదర్శన సాగిన నాలుగు రోజులూ అటువైపు రాలేదు. పేరు పెట్టుకున్నందుకు క్షమించమని ఒక్కమాట మాత్రం ఇంతవరకు రాలేదు. షోరూములో ఆ చీరలు ఇంకా అమ్ముతున్నారు, అదే చీటీతో. నాకు అన్నం సయించకపోవటానికి ఇదీ ఒక కారణమే.

ఇంకో కారణం కూడా ఉంది. కొత్త వాలెట్ పన్నెండు మాటలు తెరమీదకు వస్తున్నప్పుడు ఆయన నావైపు చూశారు.

"అబ్బాయ్, నువ్వు కాసేపు అరుగుమీద కూర్చో."

"నేనా బాబాయ్? పెట్టింది నేను. నాకు తెలియకుండానా?"

"నీకే."

సుందరమ్మ గారు మజ్జిగ గ్లాసు నా చేతికిచ్చారు. "బస్సులో చెప్పింది చాల్లే నాయనా. తాగు."

ఈసారి వాటిని దేనిమీద నేశారో, ఎక్కడ పెట్టారో, ఏ రెండు వరసలు మార్చారో నాకు తెలియదు. జిల్లాలో మొదటి చేనేత వాలెట్ పెట్టిన చేతులివి. ఆ చేతులకు మజ్జిగ గ్లాసిచ్చి బయట కూర్చోబెట్టారు. ఇది అన్యాయమని పామర్రులో అందరికీ చెప్పాను. అందరూ ఒకేలా, ఆయన చేసిందే సరైనదన్నారు.