మూడు సలహాలు, ఒక మోకాలు

మా బావ ముప్పయ్యేళ్ళుగా ఇళ్ళలో టైల్స్ పరుస్తున్నాడు. రోజంతా మోకాళ్ళ మీదే. చివరికి కుడి మోకాలు లోపలివైపు అరిగి, కాలు విల్లులా వంగి దొడ్డికాలైంది. ఆపరేషన్ తప్పదన్నారు. ఏ ఆపరేషనో చెప్పడానికి మాత్రం ముగ్గురు డాక్టర్లు కావలసివచ్చారు.

మొదటి డాక్టరమ్మ, ఎముక కోసి కాలు సరిచేస్తే ఒంటి బరువు అరగని వైపుకు పోతుందంది. రెండో ఆయన అరిగిన సగమే మారుద్దామన్నాడు. మూడో ఆయన కీలు మొత్తం మార్చేస్తే పీడ విరగడవుతుందన్నాడు. ఎవరి మాట వింటే వాళ్ళదే సబబుగా తోచేది. నాకైతే తల తిరిగిపోయింది, మోకాలు నాది కాకపోయినా.

బావ ఇంటికొచ్చి ఎక్స్‌రేని కిటికీ అద్దానికి అంటించి, దాని మీద టైల్స్ మట్టం చూసే తన రసమట్టం పెట్టాడు. లోపలి బుడగ పక్కకు జరిగింది.

"చూశావుట్రా! వాటం తేడా. ఎముక సరిచేస్తే చాలు."

"అంటించడమే వంకరగా అంటించారు," అంది మా అక్క.

అయినా వింటేనా! మర్నాడే ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఏం పని చేస్తారని ఆవిడ అడిగితే, అందరికీ చెప్పినట్టే "కాంట్రాక్టర్ని" అన్నాడు బావ. గొప్పలకేం తక్కువ లేదు! నాకు ఒళ్ళు మండింది.

"ఎక్కడి కాంట్రాక్టరమ్మా! పొద్దస్తమానం మోకాళ్ళ మీదే పాకుతారు," అంది అక్క.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఇది ముందే చెప్పాల్సిందండీ. కీలు మొత్తం మారిస్తే నొప్పి బాగా తగ్గుతుంది, కానీ మోకాళ్ళ మీద పని చాలామందికి కష్టం. సగం మార్చినా ఆ పనికి హామీ ఇవ్వలేం. ఎముక సరిచేస్తే కొన్నేళ్ళు పని సాగొచ్చు, నొప్పి మాత్రం పూర్తిగా పోకపోవచ్చు. తర్వాత కీలు మార్చాల్సి రావచ్చు కూడా. మీకేది ముఖ్యం?"

"పని," అన్నాడు బావ.

"నొప్పి పోవడం," అంది అక్క, అదే క్షణంలో.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంటికెళ్ళి మాట్లాడుకుని రమ్మంది డాక్టరమ్మ. వరండాలోకి రాగానే బావ విసుక్కున్నాడు.

"నొప్పి నాది కదే! నేనెప్పుడైనా అమ్మా అన్నానా?"

"రోజూ అంటారు. నిద్రలో," అంది అక్క. "నాలుగేళ్ళుగా వింటున్నాను."

బావ, వాళ్ళింట్లోనే పక్కగదిలో పడుకునే నావైపు చూశాడు, అబద్ధమని నేనైనా అంటానేమోనని.