మబ్బు మత్తు డాక్టరు

ఆమెను ఇంట్లో మబ్బు అనేవాళ్లు. పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయినా ఉలుకూ పలుకూ లేకుండా కిటికీ దగ్గర నిలబడే పిల్ల మరి. డాక్టరై, ఆపరేషన్‌కు ముందు మత్తిచ్చే విద్య నేర్చుకుంటానన్నప్పుడు తల్లి నెత్తి కొట్టుకుంది. "ముందు నువ్వు మేలుకోవే తల్లీ! జనాన్ని తర్వాత నిద్రపుచ్చుదువు గానీ."

ఆపరేషన్ గదిలోనూ ఆ పేరే అంటుకుంది. మత్తిచ్చే ముందు మబ్బు రోగి చెవి దగ్గర వంగి, "ఏం కల కావాలి?" అని అడిగేది. ఒకాయన సముద్రం అడిగాడు. ఒకావిడ, ఎప్పుడో పోయిన అక్కను అడిగింది. వాళ్లు హాయిగానే కళ్లు మూసేవాళ్లు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో గానీ, నర్సులు మాత్రం ముసిముసిగా నవ్వేవాళ్లు. మత్తు విభాగం పెద్దడాక్టరు నవ్వేవాడు కూడా కాదు.

"ఈ పనికి గుండె రాయి చేసుకోవాలమ్మాయ్. ఈ వారం చూస్తాను. నీవల్ల కాదనిపిస్తే వేరే విభాగం చూసుకో," అన్నాడు.

ఆమెకు వేరే విభాగం అక్కర్లేదు. నిద్రకీ మెలకువకీ మధ్యనున్న ఆ గడప మీదే బతుకంతా కూర్చోవాలని ఆశ.

వారం చివరి రోజు ఒక వడ్రంగికి ఆపరేషన్ ముగిసింది. నోట్లోంచి గొట్టం తీయగానే అతని గొంతు బిగుసుకుపోయింది. ఊపిరి ఆడటం లేదు. ఒంట్లో ఆక్సిజన్ తగ్గేకొద్దీ మిషను కూత సన్నగిల్లి కిందికి దిగుతోంది. సర్జన్ అరిచాడు. ఎవరి చేతిలోంచో ట్రే జారిపడింది. పక్కనే నిలబడి చూస్తున్న పెద్దడాక్టరు ముందుకు చెయ్యి చాపి, ఎందుకో మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. మబ్బుకు ఆ కూత తప్ప మరేదీ వినిపించలేదు. రెండు చేతులా వడ్రంగి దవడ పైకెత్తి, మాస్కు అదిమిపట్టి, "గాలి బ్యాగు నొక్కక్కా, మెల్లిగా," అంది నర్సుతో. కూత ఒక్కో మెట్టే పైకెక్కింది. వడ్రంగి దగ్గాడు.

అతన్ని వార్డుకు పంపాక ఆమె కాళ్లు వణకడం మొదలుపెట్టాయి. ఉతికిన దుప్పట్లు పెట్టే చిన్న గదిలోకి దూరి, మూటల మధ్య కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అంతలో తలుపు తెరుచుకుంది. ఎదురుగా పెద్దడాక్టరు!

"నాకు తెలుసు సార్, నన్ను పంపించేస్తారు," అంది ముక్కు తుడుచుకుంటూ. "గుండె రాయి కాలేదు. పైప్రాణాలు పైనే పోయాయి."

టోపీ తీస్తుంటే ఆయన చేతులూ వణుకుతున్నాయి.

"కాస్త జరుగమ్మా," అన్నాడు. "ఎప్పుడూ నేను కూర్చునే చోటది."