బావగారు ఎండబెట్టిన దుంగ

మొన్న క్రాన్‌బర్న్‌లో మా వీధి చివర చెట్టు కొట్టినవాళ్లు, దుంగల కోసిన మొహాలకి మైనం పూసి, కింద అడ్డకర్రలు వేసి, నీడన పేర్చి వెళ్లారు. చూడగానే మా బావగారు గుర్తొచ్చి ఒళ్లు మండింది.

మా అక్క ఈ దేశం వచ్చిన కొత్తలో పెరట్లో నాటుకున్న గమ్ చెట్టు, అదే మన నీలగిరి జాతిది, ఏళ్లు గడిచి మానయ్యాక ఒక గాలివానకి కూలింది. రాజమండ్రిలో మా నాన్నది కలప అడితి. దుంగల మధ్య పెరిగిన మనిషి కనక అక్క ఏడుస్తూ కూర్చోలేదు. "దీంతో ఒక ఉయ్యాలబల్ల చేయించుకుంటానే, మధ్యలో అతుకు లేకుండా" అంది. ఆ ఇంట్లో సామానంతా బావగారికి నచ్చి కొన్నదే. తనదంటూ అక్క నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

అడితిలో దుంగ మొహాలకి పేడ మెత్తేవారు. లేకపోతే తేమ అక్కణ్ణించే గబగబా పోతుంది. చివర్లు ముందే ఆరి కుంచించుకుపోతాయి, లోపలి పచ్చి చెక్క అలాగే ఉంటుంది, ఆ లాగులాటలో దుంగ నెర్రెలిస్తుంది. అక్క పాపం పేడ కూడా అడగలేదు. గరాజ్‌లో మిగిలిన గోడ పెయింట్ పూసి, నీడన ఓ ఏడాది ఉంచుదామంది.

బావగారు సివిల్ ఇంజనీరు. మిగతా శాస్త్రాలు ఆయనకి పుట్టుకతోనే వచ్చేశాయి లెండి! "మాయిశ్చర్ గురించి నాకు లెక్చర్ ఇవ్వకు. ఇక్కడి సమ్మర్‌లో నీ వడియాలు సాయంత్రానికల్లా గలగల్లాడట్లా? ఇదీ అంతే" అని, బెరడు ఒలిపించి, డ్రైవ్‌వే కాంక్రీటు మీద నడి ఎండలో పడేయించారు. ఆయన ఆఫీసుకెళ్లాక అక్క తడి చీరలు కప్పేది. సాయంత్రం ఆయన వచ్చి లాగి పారేసేవారు. "నైబర్స్ ఏమనుకుంటారు?" ఛీ, ఆ మనిషికి చెట్టు కన్నా పక్కింటివాళ్లే ముఖ్యం.

ఒక ఆదివారం మేం భోంచేస్తుండగా బయట ఫట్‌మని పగిలింది. మిల్లులో కోయిస్తే మూరెడు వెడల్పు చెక్క కూడా దక్కలేదు. వచ్చిన నాలుగు బద్దలూ వంకరే. "ఈ దేశం చెట్లే అంత" అని తేల్చేశారు మహానుభావుడు.

ఆ ముక్కలతోనే పెరట్లో మంట వేసి, ఫ్రెండ్స్‌ని బార్బీకి, అదే బార్బెక్యూ విందుకి, పిలిచారు. "చూడండి, పొగే లేదు! పర్‌ఫెక్ట్‌గా డ్రై చేశా" అని చెప్పుకుంటున్నారు. అక్క పళ్లేలు అందిస్తూ, "అవునండీ, బాగా మండుతోంది" అంది. ఆ మాటలో ఏముందో నాకు తెలుసు. ఆయన మాత్రం మెప్పే అనుకున్నారు.

చెట్టు పెరిగేదాకా ఆగింది మా అక్క, ఆరేదాకా ఆగలేకపోయారు ఆయన. అన్నేళ్లూ ఒకే ఇంట్లో గడిపినా ఇద్దరూ గడిపింది ఒకే కాలం కాదు.