రక్తం చెప్పిన మాట

యుద్ధంలో అతను ట్రక్కు నడిపాడు. దెబ్బ ఒక్కటీ తగలకుండా తిరిగొచ్చాడు. ఏడాది తిరక్కుండానే కీళ్లు పీకడం మొదలైంది. రాత్రంతా పడుకుని లేచినా నిద్రపోనట్టే ఉండేది. మాట్లాడుతుండగా చెప్పబోయే మాట తట్టేది కాదు. బస్సు డిపోలో ఉద్యోగమైతే దొరికింది గానీ, ఒకరోజు రోజూ నడిపే దారిలోనే మలుపు మరిచిపోయి, బస్సు ఆపేసి, స్టీరింగు మీద తల వాల్చి కూర్చుండిపోయాడు. ఆ తర్వాత అతన్ని టిక్కెట్ల గదికి మార్చారు. అక్కడివాళ్లు ‘కునికిపాట్లు’ అని పేరు పెడితే నవ్వి ఊరుకున్నాడు.

పద్దెనిమిదేళ్లు ఆసుపత్రుల చుట్టూ తిరిగాడు. ఎక్కడికి వెళ్లినా ఒకటే మాట: “అన్నీ బాగానే ఉన్నాయండీ. మనసు కాస్త కుదుటపరుచుకోండి.”

బట్టలు కుట్టి ఇల్లు నెట్టుకొచ్చే భార్యకు ఓపిక నశించింది.

“రిపోర్టుల్లో ఏమీ లేదంటున్నారుగా! లేవాలని ఉంటే లేవరూ?”

అతనికీ తన మీద అదే అనుమానం.

ఒకసారి మాజీ సైనికుల ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. యుద్ధం నుంచి వచ్చి ఇలా నీరసించినవాళ్ల రక్తాన్ని, వచ్చి బాగానే ఉన్నవాళ్ల రక్తంతో పోల్చి చూస్తున్నారట. వెళ్లాడు. నర్సుకు నరం మూడోసారికి గాని దొరకలేదు.

“నొప్పెట్టిందా బాబాయ్?”

“అలవాటేనమ్మా. ఎంత తీసినా ఏమీ లేదనేగా చెప్తారు.”

ఐదు నెలలకు భార్యాభర్తలిద్దరినీ పిలిచారు. డాక్టరమ్మ కాగితం వాళ్ల వైపు తిప్పింది.

“ఈ మూడు అంకెలు చూడండి. ఒంటి లోపల వాపు తగ్గలేదని చెప్తున్నాయి. మీలాంటి చాలామందిలో ఇలాగే ఉన్నాయి. ఈ పరీక్ష ఇంకా పరిశోధనలోనే ఉంది, దీన్నొక్కదాన్నే పట్టుకుని ఖాయం చెయ్యలేం. మీ బాధలన్నీ కలిపి చూస్తే మాత్రం ఇది జబ్బే. మీరు కల్పించుకున్నది కాదు.”

“మరి మందు?” భార్య అడిగింది.

“నొప్పికీ నిద్రకీ ఇస్తాం. పూర్తిగా నయం చేసేది ఇంకా లేదమ్మా.”

బయట బల్ల మీద అతను కూలబడ్డాడు. భార్య వచ్చి పక్కన కూర్చుంది.

“ఎన్నెన్ని మాటలన్నానండీ మిమ్మల్ని!”

“నన్ను నేను అంతకన్నా ఎక్కువే అనుకున్నానులే.”

కాగితం చూసి డిపో మేనేజరు ఉదయం పూట పనే ఇచ్చాడు. ఇప్పుడు మధ్యాహ్నాలు పడుకుంటున్నాడు. లేచేసరికి ఒంట్లో పెద్ద తేడా ఏమీ ఉండదు. భార్య మాత్రం గుమ్మంలోంచి తొంగిచూసి, “అప్పుడే లేచారేం? ఇంకాసేపు పడుకోకపోయారా!” అంటోంది.