మెత్తన్న నడుంనొప్పి

సోఫాల కొట్లో అందరూ అతన్ని మెత్తన్న అంటారు. బేరం తెగకపోతే తానే సోఫాలో ధబీమని కూలబడి, రెండుసార్లు ఎగిరి, కళ్లు మూసుకుని "అబ్బ!" అంటాడు. ఆ అబ్బకే సగం సరుకు అమ్ముడుపోతుంది. మొలలు వచ్చినప్పటి నుంచి మాత్రం ఆ అబ్బ వేరే రాగంలో పలుకుతోంది. డాక్టరు పీచున్న తిండి తినమన్నాడు, నీళ్లు బాగా తాగమన్నాడు, గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో కాసేపు కూర్చోమన్నాడు, ఫోను పట్టుకుని ముక్కుతూ మూలుగుతూ మరుగుదొడ్లో కాపురం పెట్టొద్దన్నాడు. అన్నీ బుద్ధిగా చేస్తున్నాడు గానీ, ఇంట్లో మాత్రం నడుంనొప్పని బుకాయించాడు. పాపం, భార్య రోజూ నడుముకే మందు రాస్తోంది.

ఇవాళ ఒక జంట వచ్చింది. ఆవిడ వరసపెట్టి అన్ని సోఫాల్లోనూ కూర్చుని లేచింది. ఆయన నిలబడే ఉన్నాడు. "కూర్చుని చూడండి సార్." "ముందు మీరు కూర్చోండి." "అయ్యో, మీరుండగా నేనా!" మర్యాదలు ముదిరి ఇద్దరికీ చెమటలు పట్టాయి. ఆవిడ విసుక్కునేసరికి ఇద్దరూ ఒకేసారి, ఒంటి పిర్ర మీద, మెల్లగా వాలారు. ఒకరి వాలకం ఒకరు చూసుకున్నారు. "మావారికి నడుంనొప్పి బాబూ, రోజూ మందు రాస్తూనే ఉన్నాను," అందావిడ. మెత్తన్న ఆయన చెవిలో తొట్టి సంగతి ఊదాడు. తర్వాత ఆవిడతో పైకే అన్నాడు: "మందు మాత్రం మానకండమ్మా. మా ఇంట్లోనూ అదే రాస్తారు."